పదిహేడో డిమాండు

మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మిల్లు కార్మికుల సంఘం అధ్యక్షుడు మరణించినట్టు పార్టీ నగర కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ సమయానికి అధ్యక్షుడు పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నారు.

కమిటీ తొందరపడిందని అనడానికి లేదు. జైలు నుంచి వచ్చాక నలభై ఒక్క ఏళ్లలో అధ్యక్షుడు ఒక్క సమావేశమూ తప్పలేదు. పెళ్లి రోజున కూడా వచ్చారు. కాలు విరిగినప్పుడు మంచంతో సహా వచ్చారు. అలాంటి మనిషి పదింటి సమావేశానికి పదకొండు దాటినా రాలేదు, ఫోను ఎత్తలేదు. కార్యదర్శి పరిస్థితిని శాస్త్రీయంగా విశ్లేషించి, మిగతా కారణాలన్నీ కొట్టిపారేశాడు. డెబ్భై దాటిన నాయకులకి సంతాప తీర్మానం ముందే రాసి బీరువాలో పెట్టడం పార్టీ ఆనవాయితీ. దాన్ని బయటికి తీశారు, దుమ్ము దులిపారు, చదివారు, రెండు నిమిషాలు లేచి నిలబడ్డారు.

పన్నెండున్నరకి అధ్యక్షుడు బుగ్గలో దూదితో ఇల్లు చేరేసరికి భార్య కూరగాయలు తరుగుతోంది.

"మీరు పోయారట. ఆఫీసు నుంచి ఫోను చేశారు."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నాను. మీ కమిటీ ఒక మాట అనుకున్నాక నేను కాదంటే వింటారా? మొన్న మా తమ్ముడి సంగతి చూశాంగా."

ఆవిడ తమ్ముణ్ని పార్టీ నుంచి తీసేసింది అధ్యక్షుడే. ఊరేగింపు రోజు వాతావరణం అనుకూలంగా ఉంటుందని కమిటీ తీర్మానించాక, వాన పడుతోందని అతను నలుగురిలో అన్నాడు.

అధ్యక్షుడు ఆఫీసుకు వెళ్లారు. జెండా సగం దించి ఉంది. తాడు ముడి సరిగా పడలేదు. విప్పి మళ్లీ కట్టి లోపలికి అడుగుపెట్టారు. కార్యదర్శి పరిగెత్తుకొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నా! మీరు లేని లోటు పొద్దుట్నుంచీ తెలుస్తోంది."

"తీర్మానం రద్దు చెయ్యండయ్యా."

"చెయ్యాల్సిందే. కానీ కోరం తొమ్మిది. పొద్దున పదకొండు మందిమి. ముగ్గురు మీ ఫోటో పట్టుకుని మహాసభకి రైలెక్కారు. ఇప్పుడు ఎనిమిది మందిమే ఉన్నాం."

"నాతో తొమ్మిది."

కార్యదర్శి ఆయన వైపు జాలిగా చూశాడు. "మీరు లెక్కలోకి ఎలా వస్తారన్నా?"

అధ్యక్షుడు ఆలోచించారు. కోరం నిబంధన రాసింది ఆయనే. కమిటీ తీర్మానం తప్పని బయట అన్నవాణ్ని తీసెయ్యాలన్న నిబంధన కూడా ఆయనదే. రెండింట్లోనూ లొసుగు కనబడలేదు. ఆ సంగతికి కాస్త గర్వపడ్డారు కూడా.

"పోనీ, ఆ తీర్మానం ఏదీ, చూపించు." కళ్లజోడు పెట్టుకుని చదివారు. "జైల్లో పదకొండు నెలలని రాశారు. పద్నాలుగు."

"సవరణకి కూడా కోరం కావాలన్నా. శనివారం వాళ్లు వచ్చేదాకా ఓపిక పట్టండి."

గుమ్మం దగ్గర బాబినక్క నిలబడి ఇదంతా వింటోంది. ఇరవై ఆరేళ్లుగా ఆమె నేత విభాగంలో పని చేస్తోంది. అక్కడ నూట ఎనభై మంది ఆడవాళ్లకి ఒకటే మరుగుదొడ్డి. దాని తలుపుకి గొళ్లెం లేదు. ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. అలా నిలబడిన మనిషికి సూపర్‌వైజరు గైర్హాజరు వేస్తాడు.

ఆరేళ్ల క్రితం బాబినక్క గొళ్లెం కావాలని సంఘానికి చెప్పింది. అధ్యక్షుడు విషయాన్ని తేలిగ్గా తీసుకోలేదు. పదిహేడు డిమాండ్ల పత్రం తయారు చేశారు. మొదటిది ప్రపంచ శాంతి. గొళ్లెం పదిహేడోది. దాని కోసం రెండు సమ్మెలు, తొమ్మిది ధర్నాలు జరిగాయి. చివరికి పదిహేడో డిమాండుకి మిల్లు మేనేజరు ఒప్పుకున్నాడు. సంతకాలు బుధవారం నాలుగు గంటలకి. గురువారం మిల్లు కొత్త యజమాని చేతికి పోతుంది, ఆ తర్వాత అంతా మొదటి పేజీ నుంచి. సంఘం తరఫున సంతకం చెయ్యగలిగింది అధ్యక్షుడొక్కరే.

"అన్నా, రేపు నాలుగింటికి మీరు ఉంటారా?" అని అడిగింది బాబినక్క.

"చెప్పలేనమ్మా."

"ఎదురుగా కనిపిస్తూనే ఉన్నారు కదన్నా!"

"అది నీ వ్యక్తిగత అభిప్రాయం," అన్నాడు కార్యదర్శి.

బుధవారం నాలుగు గంటలకి అధ్యక్షుడు, బాబినక్క ఇద్దరూ మేనేజరు గదిలో ఉన్నారు. మూల బల్ల మీద పెద్ద పూలచక్రం ఉంది.

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "సార్! మీరు బతికే ఉన్నారా?"

"దాని మీద వ్యాఖ్యానించే అధికారం నాకు లేదు."

"మరి సంతకం?"

"శనివారం కమిటీ నిర్ణయం వచ్చాక."

మేనేజరు పెన్ను మూత పెట్టాడు. ఒప్పంద పత్రం సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"అన్నా, ఒక్క గీత," అంది బాబినక్క. "గీత గీస్తే అయిపోతుంది."

"క్రమశిక్షణ లేకపోతే మనకీ వాళ్లకీ తేడా ఏముందమ్మా?"

"వాళ్ల బాత్రూముకి గొళ్లెం ఉందన్నా."

"మీలాంటి నాయకుడు మళ్లీ రాడు సార్," అని మేనేజరు పూలచక్రం తెచ్చి అధ్యక్షుడి చేతికి ఇచ్చాడు. ఆఫీసు వైపు వెళ్లేవాళ్లు ఇంకెవరూ లేకపోవడంతో దాన్ని ఆయనే మోసుకెళ్లారు.

బాబినక్క ఇంటికి వెళ్లి తన పెరటి తలుపు గొళ్లెం ఊడదీసి, క్యారేజీ సంచిలో వేసుకుని మిల్లుకు తిరిగొచ్చింది. మిల్లు వడ్రంగి నాలుగు మరలు బిగించాడు. పదకొండు నిమిషాలు పట్టింది.

"ఆరేళ్లబట్టీ ఇదే షెడ్డులో ఉన్నానక్కా. నన్ను ఒక్కళ్లూ అడగలేదు," అన్నాడు.

శనివారం కోరం కుదిరింది. ఆరుకి అయిదు ఓట్లతో అధ్యక్షుడు బతికి ఉన్నట్టు కమిటీ తీర్మానించింది. వ్యతిరేకంగా ఓటేసిన అయిదుగురూ ఆయన మీద తమకి కోపమేమీ లేదని, చదివిన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంటే పార్టీ పరువు పోతుందని మాత్రమే అనుకున్నామని వివరించారు. చెప్పకుండా పన్ను పీకించుకున్నందుకు అధ్యక్షుడు లేచి ఆత్మవిమర్శ చేసుకున్నారు. పదకొండు నెలలు పద్నాలుగయ్యాయి. తీర్మానం తిరిగి బీరువాలోకి వెళ్లింది.

రెండో అంశం గొళ్లెం.

"పదిహేడోది ముందే తీరిపోతే మిగతా పదహారూ ఎవరడుగుతారు? రేపు ధర్నాకి ఆడవాళ్లు వస్తారా?" అన్నాడు కార్యదర్శి.

అధ్యక్షుడికి ఆరేళ్ల పోరాటం కళ్ల ముందు కదిలింది. ఆయన కూడా చెయ్యెత్తారు. మొత్తం పదిహేడు సాధించేదాకా గొళ్లెం తీసెయ్యాలని ఏకగ్రీవంగా నిర్ణయం జరిగింది. అధ్యక్షుడి నాయకత్వంలో ముగ్గురితో ఉపసంఘం ఏర్పడింది. ఆఫీసు సొరుగులో స్క్రూడ్రైవరు దొరికింది.

సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకి ఉపసంఘం నేత విభాగం చేరుకుంది. తలుపు వేసి ఉంది. అధ్యక్షుడు వేలితో మెల్లగా తట్టారు.

"లోపల ఎవరైనా ఉన్నారా అమ్మా?"

"దాని మీద వ్యాఖ్యానించే అధికారం నాకు లేదన్నా," అని లోపలి నుంచి బాబినక్క గొంతు వినిపించింది.

కాసేపటికి ఆమె బయటికొచ్చింది. తలుపు దగ్గర నిలబడి ఉన్నామె లోపలికి వెళ్లి గొళ్లెం పెట్టుకుంది. ఆమె వెనక మగ్గాల దాకా వరుస ఉంది.

ఆరు గంటలకి షిఫ్టు మారింది. ఉపసంఘం స్క్రూడ్రైవరుతో బయటే నిలబడి ఉంది. తలుపు లోపలి నుంచి గొళ్లెం పెట్టి ఉంది.