కొసరు మీద కాశీ

బత్తలపల్లె మండల ప్రజలకు తెలియజేయడమేమనగా, బస్టాండు ఎదురుగా కిరాణా అంగడి నడుపుతున్న రామలింగయ్య గారు తమ ధర్మపత్ని సుశీలమ్మ గారితో కలిసి, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, విమానంలో కాశీకి వెళ్లాలని నిర్ణయించుకున్నారు. ఈ నిర్ణయం జరిగి మూడేళ్లయింది. ఖర్చు లేకుండా పోవడానికి ఇంకొంత ఖర్చు మిగిలి ఉన్నందువల్ల ప్రయాణం వాయిదా పడుతూ వస్తోంది.

అసలు కాశీ మాట ఎందుకు వచ్చిందంటే, మూడేళ్ల కిందట రామలింగయ్య గారికి గుండెనొప్పి వచ్చి అనంతపురంలో ఒక ఆసుపత్రిలో వారం రోజులు పడుకున్నారు. ఆ వారమూ సుశీలమ్మ ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఈయన లేచి తిరిగితే ఇద్దరమూ వచ్చి నీ దర్శనం చేసుకుంటామని విశ్వనాథుడికి మొక్కుకున్నది. స్వామి ఆలస్యం చేయలేదు. రామలింగయ్య గారు లేచి తిరిగారు, లేచిన పూటే బిల్లులో ఎంత తగ్గిస్తారో అడిగారు. ధర్మవరంలో రైలెక్కి మధ్యలో ఒకచోట మారితే కాశీ వస్తుంది. ఊళ్లో సగంమంది అలాగే పోయి వచ్చారు. సుశీలమ్మ కూడా అలాగే పోదామన్నది.

కానీ రామలింగయ్య గారు సామాన్యులు కారు. వారి అంగడికి చుట్టుపక్కల పల్లెల్లో గొప్ప పేరుంది. కిలో కందిపప్పు కొన్నవారికి పైన ఒక పిడికెడు కొసరు వేయకుండా ఆ అంగడి నుంచి ఎవరినీ పంపిన చరిత్ర లేదు. ఇది వారి నాయన పెట్టిన ఆచారం. ఆ పెద్దాయన పోయేముందు కొడుకును మంచం దగ్గరికి పిలిచి, ఆస్తి సంగతి ఎత్తకుండా ఒక్క మాట చెప్పారు: "కొసరు ముందు కాటాలో నుంచి తియ్యాల నాయనా. తర్వాత చేత్తో ఎయ్యాల."

నలభై ఏళ్లుగా ఆ మాట జవదాటలేదు. కాటా మీద కిలోకు కొంచెం తక్కువ, పిడికెడు వేశాక ఇంచుమించు కిలో. కొన్నవారు దాత ముఖం చూసినట్టు చూసి వెళ్లేవారు. ఎవరికీ నష్టం లేకుండా అందరికీ తృప్తినిచ్చే ఇంత చక్కని ఏర్పాటు ప్రభుత్వాలకు కూడా ఆలస్యంగానే తెలిసింది.

అటువంటి మనిషి ఒక బ్యాంకు వేసిన కొసరుకు చెయ్యి చాచాడు. పాములవాడు పాముకాటుకే పోతాడని పెద్దలు ఊరికే అనలేదు.

బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం చేసే వంశీకృష్ణ సుశీలమ్మకు తమ్ముడి కొడుకు. వాడు బ్యాంకాక్ పోయి వచ్చి, అత్తకు ఫోటోలు చూపిస్తూ, టికెట్టు ఊరికే వచ్చిందని చెప్పాడు. ఆ సమయంలో రామలింగయ్య గారు అంగడికి రోజూ వచ్చే బయమ్మకు బియ్యం తూస్తున్నారు. ఆ మాట చెవిన పడి, కొసరు తీయడం మరిచిపోయి నిండు కిలో తూచి, పైన పిడికెడు వేశారు. అంగడి పుట్టిన నాటినుంచి అటువంటి ప్రమాదం జరగలేదు.

వంశీకృష్ణ వివరంగా చెప్పాడు. "నువ్వెట్లా ఖర్చు పెడతావు కదా మామా. అదేదో క్రెడిట్ కార్డు మీద పెట్టు. దాని మీద బ్యాంకోడు పాయింట్లు ఏస్తాడు. పాయింట్లు నిండితే విమానం ఎక్కిస్తాడు. కొసరు మాదిరి అనుకో."

కార్డు వచ్చింది. దానికి పసుపు కుంకుమ పెట్టి గల్లాపెట్టెలో లక్ష్మీదేవి పటం పక్కన ఉంచారు. అయితే ఒక చిక్కు వచ్చి పడింది. ఖర్చు పెడితేనే పాయింట్లు వస్తాయి. రామలింగయ్య గారికి ఖర్చులు లేవు. బియ్యం, పప్పు అంగడివే. గడ్డం రెండు వారాలకోసారి. అది కూడా మంగలికి చింతపండు ఇచ్చి చెల్లు చేస్తారు. ఆరు నెలలకు పోగైన పాయింట్లతో బెంగళూరు విమానాశ్రయం గేటు దాకా పోవచ్చని వంశీకృష్ణ లెక్కగట్టాడు.

అప్పుడు వాడే అసలు విద్య చెప్పాడు. ఈ కార్డు మీద గిఫ్ట్ కార్డులు కొనాలి. వాటిని వెయ్యికి ఇరవై తక్కువకు జనానికి అమ్మాలి. వచ్చిన దుడ్లు తెచ్చి బ్యాంకుకు కట్టాలి. ఆ ఇరవై ఎప్పుడో మరిచిపోతాం, పాయింట్లు మాత్రం మిగులుతాయి. ఇది విని రామలింగయ్య గారికి కళ్లు చెమర్చాయి. నలభై ఏళ్లు వేరుశనక్కాయలు కొని అమ్మిన మనిషి ఆయన. గోడౌను అక్కర్లేదు, గోనెసంచి అక్కర్లేదు, ఎలుకల బాధ లేదు. వానకు ఎదురు చూడని పంట ఈ సీమలో పండటం ఇదే మొదలు.

ఆ రోజు నుంచి అంగట్లో బెల్లం అచ్చుల పక్కన గిఫ్ట్ కార్డులు వేలాడాయి. చింతపండుకు వచ్చినవారు బెంగళూరు చెప్పుల కంపెనీ కార్డు పట్టుకుని పోయేవారు. బయమ్మ జన్మలో ఏసీ సినిమా హాలు గడప తొక్కలేదు. అయినా ఇరవై తక్కువకు వస్తోంది కదా అని వెయ్యి రూపాయల సినిమా కార్డు కొని, బియ్యం డబ్బాలో దాచింది. ఆంజనేయస్వామి హుండీలో సౌందర్య సాధనాల కార్డు ఒకటి పడింది. దానిని స్వామివారి సిందూరం ఖర్చుకు మళ్లించవచ్చునా అని కమిటీవారు ఒక తీర్మానం రాసుకున్నారు.

రామలింగయ్య గారు పాయింట్లకు ప్రత్యేకంగా ఎర్ర పుస్తకం పెట్టారు. వచ్చిన పాయింట్లు అందులో రాసేవారు. ఇరవైల చొప్పున పోయినవి, కార్డుకు ఏటా కట్టే రుసుము, దాని మీద పన్ను రాయడానికి అందులో గడి లేదు. సుశీలమ్మ పండగ పండక్కి, కాశీ ఎప్పుడని అడిగేది. పాయింట్లు ఇంకొన్ని కావాలని ఆయన అనేవారు. ఒకసారి ఆమె, "రైలైతే ఈపాటికి నాలుగు తూర్లు పోయొచ్చుందుము" అన్నది. ఉత్తపుణ్యానికి విమానం వస్తుంటే రైలుకు దుడ్లు పెట్టేవాడిని లోకం ఏమంటుందో ఆలోచించమని ఆయన హితవు చెప్పారు.

ఇంతలో కొత్తచెరువులో, ఏటా ఆయనకు వేరుశనక్కాయలమ్మే గంగాధరప్ప గారి కూతురు లహరి పెళ్లి వచ్చింది. రామలింగయ్య గారికి కావలసిన పాయింట్లు లెక్కకు సరిగ్గా ఒక పెళ్లంత తక్కువగా ఉన్నాయి. ఆయన బంధువులను, బేరగాళ్లను పిలిచి కూర్చోబెట్టి, చదివింపుల్లో నోట్లు పెట్టడం నాగరికత కాదని, ఒక నగల దుకాణం వారి కార్డు పెడితే పెళ్లికూతురికి బంగారం, పెట్టినవారికి గౌరవం అని బోధించారు. ఇరవయ్యారు మంది కొన్నారు. లక్షా నలభై వేలు. పాయింట్లు నిండాయి. ఆ సాయంత్రం ఆయన ఇంటికి పోయి, కాశీకి పట్టుచీర తీసిపెట్టుకోమన్నారు. సుశీలమ్మ మూడేళ్లలో మొదటిసారి పాయసం చేసింది.

పెళ్లిలో చదివింపులు చదివే బాధ్యత విశ్రాంత హెడ్మాస్టరు ఓబిలేష్ గారిది. చుట్టుపక్కల ఏ పెళ్లయినా మైకు ఆయనదే. నోటు మీద అంకె కూడా చదివి వినిపించేంత నిజాయతీపరుడు. కార్డులు చేతికి వచ్చేసరికి, వీటిలో ఏముందో సభకు తెలియడం ఎలాగని ఒక్క నిమిషం ఆలోచించి, జేబులో నుంచి రూపాయి బిళ్ల తీసి, వెనకనున్న పూత గీకి, గొంతు సవరించుకున్నారు.

"సభకు నమస్కారం. దాపరికం ఉన్నచోట ధర్మం ఉండదు. కాబట్టి అన్నీ బహిరంగంగా చదువుతున్నాను. బత్తలపల్లె రామలింగయ్య గారు, నగల కార్డు, అయిదు వేలు. కార్డు నంబరు ఆరు, సున్నా, మూడు, మూడు..." పదహారు అంకెలూ చదివి, రహస్య సంఖ్య అన్నచోట ఉన్న నాలుగంకెలను, వెనక కూర్చున్నవారికి వినపడలేదేమోనని, రెండుసార్లు చదివారు.

మిగిలిన ఇరవయ్యారు కార్డులూ అలాగే చదివారు. చదివింపులప్పుడు జనం పంక్తికి పరుగెత్తడం మన ఆచారం. ఆ రోజు ఒక్కరూ కదల్లేదు. పప్పు చల్లారింది, పిల్లలను కసిరి కూర్చోబెట్టారు, అందరూ ఫోన్లు పట్టుకుని తల వంచి విన్నారు. అంత ఏకాగ్రతతో చదివింపులు విన్న పెళ్లి ఈ ప్రాంతంలో జరగలేదని ఓబిలేష్ గారు ఇప్పటికీ గర్వంగా చెబుతారు.

మూడోరోజు గంగాధరప్ప కూతురిని వెంటబెట్టుకుని నగల దుకాణానికి పోయాడు. కార్డుల్లో ఏమీ లేదు. ఆ వారంలో కొత్తచెరువుకు బంగారు బిళ్లల పార్సిళ్లు తొమ్మిది వచ్చాయని వినికిడి. పెళ్లికి రానివారి ఇంటికి ఒక్కటీ రాలేదు.

పంచాయితీ రామలింగయ్య గారి అంగడి ముందే జరిగింది. "ఏమప్పా రామలింగయ్యా, నేను నీకు కాయలమ్మినప్పుడు తాలు కాయలమ్మినానా? నా బిడ్డ పెళ్లికి తాలు కార్డులు పెట్టిస్తివే" అని గంగాధరప్ప అడిగాడు. మాట మెల్లగానే అన్నాడు. అంగడి ముందున్న ఇరవయ్యారు మందీ తల ఊపారు. పార్సిలు అందినవారు ఇంకాస్త గట్టిగా ఊపారు. నిజాయతీగా చదివినందుకు ఓబిలేష్ గారి తప్పు లేదనీ, అమ్మినవాడు సగం నష్టం భరించాలనీ పెద్దలు తీర్పు చెప్పారు. డెబ్బై వేలు. రామలింగయ్య గారు చలించలేదు. ఆ డెబ్బై వేలు క్రెడిట్ కార్డు మీద తీసుకుంటారా అని మాత్రం గంగాధరప్పను అడిగారు.

పాయింట్లు ఉన్నాయి కదా అన్నదే ఆయన ధైర్యం. మర్నాడు బ్యాంకు నుంచి సందేశం వచ్చింది. గౌరవనీయ ఖాతాదారులకు మరింత మెరుగైన అనుభవం కలిగించే సదుద్దేశంతో పాయింటు విలువ సగానికి సవరించడమైనదనీ, గిఫ్ట్ కార్డుల మీద వచ్చిన పాయింట్లు రద్దు చేయడమైనదనీ, తమ ఆదరాభిమానాలు ఇలాగే కొనసాగాలనీ అందులో ఉంది. రామలింగయ్య గారు దాన్ని మూడుసార్లు చదివారు. మూడోసారి ఆయనకు తన నాయన గొంతు వినిపించింది. ముందు కాటాలో నుంచి తీశారు, తర్వాత చేత్తో వేశారు. ఈ బ్యాంకువాడు చేత్తో వేసింది కూడా తీశాడు. నలభై ఏళ్లలో తాను చేయని సాహసం. ఆయనకు కోపం కన్నా ముందు గౌరవం కలిగింది.

మిగిలిన పాయింట్లకు విమానం రాదు. జాబితా అంతా వెతికితే చక్రాల సూట్‌కేసు ఒకటి వచ్చింది. ఇంటికి పంపే ఖర్చు అదనం. సుశీలమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, లోపలికి పోయి, కొంగుముడి విప్పి రెండు రైలు టికెట్లు బల్ల మీద పెట్టింది. అంగట్లో ఖాళీ గోనెసంచులు, నూనె డబ్బాలు అమ్మిన దుడ్లు ఇంటి ఆడమనిషికే చెందుతాయని ఆ కుటుంబంలో వాడుక. అవి మూడేళ్లలో రెండు టికెట్లయ్యాయి.

రామలింగయ్య గారు దీపావళికి కొత్త ఆఫరు వస్తుందని నోరు తెరవబోయారు. సుశీలమ్మ వినలేదు. "మిమ్మల్ని బతికించమని నేను పాయింట్లు పెట్టి అడగలేదు. ఇద్దరం వస్తామని మొక్కినా. ఒక్కదాన్నే పోతే ఆ సామి, వాడు యాడ అంటే నేనేం చెప్పాల?" అన్నది. ఆసుపత్రి వరండాలో ఆమె వారం రోజులు కూర్చున్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తుకొచ్చింది. ఎర్ర పుస్తకంలో దానికీ గడి లేదు. సూట్‌కేసులో పంచెలు సర్దుకున్నారు.

కాశీలో గంగ ఒడ్డున నిలబడి, దుర్భిక్షపు సీమలో పుట్టిన ఆ ఇద్దరూ అన్ని నీళ్లను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశారు. రామలింగయ్య గారు నిజంగానే ఏడ్చారు. తర్వాత పురోహితుడు వచ్చి, కాశీకి వచ్చినవారు ఇష్టమైనదొకటి వదలాలి, ఏం వదులుతారని అడిగాడు. ఆయన కన్నీళ్లు తుడుచుకుని, కాకరకాయ అన్నారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన కాకరకాయ తినలేదు.

"ఆయన మాటకేం లే సామీ," అన్నది సుశీలమ్మ, "కొసరు వదిలేస్తాడు. ఇచ్చేది, పుచ్చుకునేది, రెండూ." భర్త చెయ్యి పట్టి తనే గంగలో ముంచింది.

గంగలో వదిలింది తిరిగి తీసుకోకూడదు. బత్తలపల్లె చేరిన మర్నాటి నుంచి రామలింగయ్య గారి కాటా నిండు కిలో తూచడం మొదలుపెట్టింది. పిడికెడు మాత్రం లేదు. మొదటిరోజు జనం నవ్వులాటకేమో అనుకున్నారు. మూడోరోజు ముఖం చిట్లించారు. వారానికి అందరూ పక్కనే ఉన్న శశికుమార్ అంగడికి పోయారు. అక్కడ పిడికెడు వేస్తున్నారు. దారిన పోతున్న బయమ్మను పిలిచి రామలింగయ్య గారు కారణం అడిగారు.

"నీ తూకమే సరిగ్గా ఉండాది శెట్టీ, నాకు తెల్సు. ఇంటికాడ సేరుతో కొలుచుకున్నా," అన్నది ఆమె. "అయినా పైన పిడికెడు పడకుంటే మనసుకు కొన్నట్టు లేదప్పా."

రామలింగయ్య గారు పది రోజులు ఖాళీ అంగట్లో కూర్చుని శాస్త్రం ఆలోచించారు. తాను వదిలింది కొసరును. పాయింట్లను కాదు. పదకొండో రోజున అంగడికి బోర్డు వేలాడింది: వంద రూపాయల సరుకుకు ఒక పాయింటు, వెయ్యి పాయింట్లకు కాశీ. సరుకు మీద కిలోకు రెండు రూపాయలు పెరిగింది. ఆ సాయంత్రానికి వరస బస్టాండు దాటి పోయింది. ముందు బయమ్మ, ఆమె వెనక గంగాధరప్ప, పాయింట్లు రాయించుకునే అట్టముక్కలు పట్టుకుని నిలబడ్డారు. ఓబిలేష్ గారు అందరి పాయింట్లూ మైకులో చదివిపెడతానని ముందుకొచ్చారు.

సుశీలమ్మ గడపలో నిలబడి ఆ వరసను చివరిదాకా చూసింది. లోపలికి పోయి, ఖాళీ గోనెసంచులను విడిగా మడిచి కట్టడం మొదలుపెట్టింది. ఎందుకని ఆయన అడిగితే, "మళ్లీ కాశీకి పోవల్ల కదా. ఈ తూరి పాయింట్లు వదిలేసేకి" అన్నది.

ఇంతదాకా ఓపికగా చదివిన పాఠకులకు పైన ఒక నీతి కూడా ఇవ్వడం ధర్మం. ఇస్తాం. కథలో నుంచి ఆ మేరకు ముందే తీసి పెట్టాం.