మూడు జవాబుల కొట్టు

పెద్ద వరద వచ్చిన నాలుగో ఏట జరిగింది ఇది. నీళ్లు కొట్టు గోడ మీద నడుమెత్తున వదిలిపోయిన మట్టి చార అప్పటికింకా చెరగలేదు. ఆ చారకు కింద కర్రల తాత లేత్ మిషను. మళ్లీ వరదొచ్చినా తడవకూడదని చారకు పైన, అటక లాంటి బల్ల మీద కోడలి కంప్యూటరు. తాత చేతికర్రలు చేస్తాడు, కోడలు వాటిని ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. తాతకు మాటలు తక్కువ. "ఈయన నోరు తెరిస్తే గాలి ఎక్కడ పోతుందోనని భయం" అంటుంది భార్య.

ఆ పొద్దున పెట్టుకున్న పని ఒక్కటే. మెయిలు రాగానే దానంతటదే బదులిచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎంచుకోవాలి. ఎముకల ఆసుపత్రి పెద్ద నర్సు నలభై కర్రలు కావాలని పోయిన వారం మెయిలు పంపింది. కోడలు పంటి నొప్పితో పడుకుని నాలుగు రోజులు చూడలేదు. "ఇవాళ ఇంకోటి పంపిస్తాను. మధ్యాహ్నం పన్నెండులోగా మీ సంగతి తేలకపోతే ప్లాస్టిక్ కర్రలు తెప్పించుకుంటాం" అని ఆమె ఫోనులో తెగేసి చెప్పింది. కొడుకు కూడా తెగేసే చెప్పాడు: "ఈ ఆర్డరు కూడా పోతే మిషను అమ్మేసి ఇంట్లో కూర్చో, నాన్నా." ఇంట్లో కూర్చోవడం! ఆ మాట తలుచుకుంటే తాతకు ఉలి కింద పెట్టబుద్ధి కావడం లేదు.

"మామయ్యా, మూడు దొరికాయి. మూడూ వారం దాకా ఉచితం" అంది కోడలు. "మొదటిది చాలా మర్యాదగా రాస్తుంది. వినండి. 'మీ రాకతో మా కొట్టు ధన్యమైంది. మీరే మా వెలుగు.' "

"ఊహూ" అన్నాడు తాత.

"రెండోది పనిలోకి దిగుతుంది. 'నేల నుంచి మణికట్టు దాకా కొలత పంపండి.' "

"ఊ."

"మూడోదాంట్లో మనం చెప్పిందే పెట్టొచ్చు. ఏం పెట్టమంటారు?"

తాత కర్రను కంటికి ఆనించి వంకర చూసుకుని, "సరే" అన్నాడు.

"సరే అంటే?"

"అదే పెట్టు."

కోడలు నవ్వాపుకుని అదే పెట్టింది. పెట్టింది గానీ మొదటి రెండింటినీ ఆపలేదు. ఆపకపోవడానికి కారణం తాతే. కొట్టులో ఆయన నేర్పిన మొదటి పాఠం, కొత్త జిగురు కాగి పట్టు చూసుకునేదాకా పాత గిన్నె పొయ్యి మీంచి దించకూడదని. ఓసారి దించినందుకు కోడలు మూడు రోజులు ఆయన మౌనం భరించింది. తిట్లయినా నయం. అందుకే ఇప్పుడు మూడు గిన్నెలూ పొయ్యి మీదే ఉంచింది.

పదిన్నరకు పెద్ద నర్సు మెయిలు వచ్చింది. చదవబోయేలోగా మూడు జవాబులూ వెళ్లిపోయాయి. "అబ్బ, ఎంత చురుకో!" అని కోడలు మురిసింది. ఆ మురిపెం అరనిమిషం. ఆసుపత్రిలోనూ అలాంటి సాఫ్ట్‌వేరే ఉంది మరి. "పెద్ద నర్సు వార్డులో ఉన్నారు. మీ మెయిలు అందింది" అని అది మూడింటికీ మూడు పంపింది. ఆ మూడింటిలో ఒక్కోదానికీ మన మూడూ బదులిచ్చాయి. తొమ్మిది. ఆసుపత్రి తొమ్మిదికీ మర్యాద తప్పలేదు.

తాత చదువు మూడో తరగతితో ఆగినా మూడో ఎక్కం మాత్రం ఆగలేదు. "ఇరవై ఏడు" అన్నాడు మెల్లగా. కాసేపటికి, "ఎనభై ఒకటి."

"లెక్క తర్వాత, మామయ్యా! ఆపడం చూడండి!" కోడలు మొదటిదాన్ని ఆపబోయింది. 'మమ్మల్ని విడిచి వెళ్తున్నారా? కారణం చెప్పండి' అంటూ అది పన్నెండు ప్రశ్నలు తెరిచింది. ఏడో ప్రశ్న దగ్గర కోడలికి ఏడుపొచ్చింది. నర్సు రాసిన అసలు మెయిలు ఎక్కడో అడుక్కు వెళ్లిపోయింది.

తాత లేచి కంప్యూటరు ప్లగ్గు పీకాడు. తెర నల్లబడింది. కొట్టు మెయిళ్లు వచ్చే ఫోను మాత్రం వంటింట్లో టింగు టింగుమంటూనే ఉంది.

"ఆ సాఫ్ట్‌వేర్ ఇందులో లేదు, మామయ్యా. ఎక్కడో ఉంది."

"ఎక్కడ?"

"నాకూ తెలీదు!"

అంతలో భార్య ఫోను పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. "ఏవండీ, ఈ పెద్ద నర్సు ఎవరు? పొద్దున్నుంచి అదే పేరు, అదే పేరు! మీరు రాసిందీ చూశాను. 'మీరే మా వెలుగు'ట! నలభై ఏళ్లలో నన్ను అగ్గిపుల్ల అని కూడా అనలేదే!"

"అత్తయ్యా, అది మామయ్య రాయలేదు."

"ఆ సంగతి నాకు తెలీదా? ఈయనకు అంత పొడుగు వాక్యం వచ్చా! మరి మణికట్టు ఎందుకు అడిగారట?"

పన్నెండుకు పది నిమిషాలుంది. అప్పుడు ఫోను మోగింది. తెర మీద అదే పేరు. కోడలు దవడ పట్టుకుని తల అడ్డంగా ఊపింది. భార్య ఫోనును తాత చేతిలో కుక్కింది. "మీ వెలుగేగా! మాట్లాడండి!"

తాత ఫోను చెవికి ఆనించుకున్నాడు. కళ్లు మిషను మీదే ఉన్నాయి.

"అక్కడ మనిషన్నవాడు ఎవరైనా ఉన్నారా?" అంది పెద్ద నర్సు.

"ఉన్నాను."

"మూడు వందల అరవై మూడు మెయిళ్లండీ! మా కంప్యూటరు పడుకుంది. నన్ను వెలుగన్నారు, ఊరుకున్నా. మణికట్టు కొలత అడిగారు, ఊరుకున్నా. నూట ఇరవై ఒక్కసార్లు సరే అన్నారే, నిజంగానేనా?"

తాత ఇరుకున పడ్డాడు. కాదంటే అబద్ధాలకోరు అవుతాడు. ఔనంటే దేనికో తెలీదు.

"సరే" అన్నాడు.

"అమ్మయ్య! ఇంకో నాలుగు కొట్లకూ ఇదే షరతు రాశాను. ఒక్కరూ ఒప్పుకోలేదు. ఆర్డరు మీదే. రేపే రండి."

ఫోను పెట్టేశాక కోడలు ప్లగ్గు తగిలించి, అడుక్కు పోయిన మెయిలును వెతికి పట్టుకుని పైకి చదివింది: "కర్ర చేసే మనిషే స్వయంగా రావాలి. నలభై మందిలో ఒక్కొక్కరి మంచం పక్కన కనీసం అరగంట కూర్చుని, నడక మీద భయం పోయేలా, సరదాగా కబుర్లు చెబుతూ కొలత తీసుకోవాలి."

భార్య అటక బల్లకు ఆనుకుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "సరదాగా! ఈయన!"

మర్నాడు పొద్దున తాత మిషనుకు నూనె వేసి, టేపు జేబులో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. మొదటి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కాలికి కట్టుతో ఉన్న ముసలావిడ ఆయన్ని ఎగాదిగా చూసి, "ఏమైనా చెప్పవయ్యా" అంది.

తాత టేపు మోకాలి మీద పెట్టుకుని, వరద సంగతి మొదలుపెట్టాడు.