ఒక మగ్గం, ఇరవై ఏడు ఫోటోలు

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, కర్నూలు జిల్లా పడమటి కొసనున్న మా మగ్గాల వీధి వంద శాతం ఆన్‌లైన్ అయిపోయింది! ఈ ఘనకార్యం చేసింది ఎవరో కాదు, హనుమేష్ ఆన్‌లైన్ సెంటర్ యజమానినైన నేనే. మా నాయన కాళ్లు పెట్టుకుని నేసిన మగ్గం గుంతను బేతంచెర్ల బండతో మూసేసి, దాని మీదే కంప్యూటర్ పెట్టుకున్నాను. వీధిలో తక్కినవాళ్లూ అంతే. ఒకరి గుంత మీద ఫ్రిజ్జు, ఒకరి గుంత మీద సోఫా. ఆడుతున్న మగ్గం ఒక్కటే, సుబ్బక్కది.

మగ్గం లేకపోతే మాత్రం సర్కారు ఇచ్చే చేనేత సాయం వదులుకుంటామా? మగ్గంలో కూర్చున్న ఫోటో ఎక్కిస్తే చాలట. అధికారి రాడు, లంచం లేదు, అంతా పారదర్శకం! నేను ఫోను పట్టుకుని సుబ్బక్క పాకకు పోయాను. వెనకాలే ఇస్త్రీ చొక్కాలేసుకుని వీధి వీధంతా వచ్చింది.

"అక్కా, ఒక్క నిమిషం లెయ్యి. కాశన్న ఫోటో దిగుతాడు."

"దిగనీలేప్పా, మనోడే గదా" అని సుబ్బక్క లేచింది. ఆ రోజు ఇరవై ఏడు సార్లు లేచింది. ఇస్త్రీ నలుగుతుందని ఒక్కరూ కాళ్లు గుంతలో పెట్టలేదు, గట్టు మీదే కూర్చున్నారు. కాశన్నయితే సత్యనారాయణ వ్రతానికి కూర్చున్నట్టు మఠం వేసుకుని కూర్చున్నాడు. కంప్యూటర్‌కు అభ్యంతరం లేకపోయింది.

అందరికీ మంజూరైంది. చివరికి సుబ్బక్క కూడా దరఖాస్తు వేయించింది. ఆమె పాక కప్పు చిల్లులు పడింది. వానొస్తే గుంతలో నీళ్లు నిలుస్తాయి, నేత ఆగిపోతుంది, పూట గడవదు. మా మంజూర్లు అయ్యాకే మిషనుకు మగ్గాలు పోల్చి చూడడం నేర్పారట. వారానికి జవాబొచ్చింది: "తిరస్కరించడమైనది. ఈ మగ్గం ఇతరులది."

"ఏమప్పా హనుమేషా, ఇతరులంటే ఎవరప్పా?"

"మేమే అక్కా."

"నేస్తాండేది నేను గదా!"

"నేసేది నువ్వే. ఆన్‌లైన్లో మాత్రం మాది. మిషను మాట, మనమేం జేస్తాం?"

సిగ్గేసింది. లేదంటే అబద్ధం. కానీ సిగ్గు నమోదు చేయడానికి వెబ్‌సైటులో గడి లేదు!

ఏడాది తిరిగింది. మా వీధికి బహుమతి ప్రకటించారు. ఇవ్వడానికి చేనేత అధికారి ఉమామహేశ్వర సారే వస్తున్నారు. అదే వారం సాయం రెన్యువల్, మళ్లీ కొత్త ఫోటోలు. ఇస్త్రీ చొక్కాలు బయలుదేరాయి. పోయి చూస్తే, సుబ్బక్క చెంబుతో గుంతలో నీళ్లు తోడుతోంది. మగ్గం విప్పి మూలన పెట్టింది.

"అయ్యో, మా మగ్గం!" అన్నాడు కాశన్న.

"మీదే గదా! మీ మగ్గానికి మీరే బండల కప్పు ఎయ్యండి. పొద్దుగూకే లోపల ఏస్తే బిగిస్తా. లేకుంటే ఈ కట్టెలు పొయ్యిలోకే."

"ఇప్పటికిప్పుడు బండలు యాడ తెచ్చేదక్కా?"

"మీ గుంతల మీద పరిచినారే, అవేందప్పా?"

వాదించే తీరిక ఎవరికుంది? ఫ్రిజ్జులు జరిగాయి, సోఫాలు వీధిన పడ్డాయి. ఇంటికో బండ లేచింది. సాయంత్రానికి సుబ్బక్క పాక బండల మిద్దె అయింది! నా సెంటర్లో బయటపడిన గుంత మీద నేను చాప పరిచాను.

మర్నాడు సారు జ్ఞాపికతో నా సెంటర్లోకి వచ్చారు. "ఈ వీధిలో ఇంటింటా మగ్గం! నేను చూడకుండానే నమ్మాను!" అంటూ రెండడుగులు వేశారు. మూడో అడుగు చాప మీద పడింది. సారు నడుము దాకా దిగిపోయారు.

అలవాటు చొప్పున ఫోటో తీశాను. ఎవరి పేరునా నమోదు కాని గుంత గదా అని, సుబ్బక్క దరఖాస్తుకు ఎక్కించాను. సారు మీసాలను కంప్యూటర్ పట్టించుకోలేదు. నిమిషంలో జవాబొచ్చింది: "ఫోటో సరిపోయినది. సుబ్బక్కకు మంజూరు."

గడపలో నిలబడి చూస్తున్న సుబ్బక్క, పైకి రాలేక గింజుకుంటున్న సారుకు చెయ్యి అందించింది.

"ఇరవై ఏడు మందిని చూసినా సారూ. కాళ్లు గుంతలో పెట్టినోడివి నువ్వొక్కడివే!"