వెనకగదిలో కనీసపు వేడి

ఆ ఉదయం అల్లుడు చేసుకున్న ఏర్పాటు చిన్నదే. పదకొండింటికి ముందుగదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇంటర్వ్యూ ఇవ్వాలి. ఆరేళ్లుగా లెక్కలు చెబుతూ ఏడాదికొక కాలేజీ మారుతున్నవాడికి ఇది పర్మినెంటు ఉద్యోగం. అందుకని దగ్గుతో దిగిన మామగారిని నడవ అవతల వెనకగదికి మార్చాడు. ఆయన తెచ్చిన మూడు పెద్ద పెట్టెలు ఆ గదిలో పట్టక నడవలోనే సర్దాడు.

చిక్కల్లా చలితోనే. ఇంట్లో హీటరు ఒక్కటే, దానికి పనిచేసే ప్లగ్గూ ఒక్కటే. రెండూ ముందుగదిలోనే ఉన్నాయి.

"బెంగపడకండి మామయ్యగారూ," అన్నాడు అల్లుడు. "తలుపులు తీసే ఉంచుతాను. గంటలో మీ మంచం దగ్గరికి కనీసం ఇంత వేడి వచ్చి తీరుతుంది. నా సిద్ధాంతమే అది."

అతను గొప్పకు చెప్పలేదు. వంపులు తిరిగిన ఆకారం మీద ఒకచోట పుట్టిన వేడి ఎంతసేపట్లో ఎంతదూరం పాకుతుందో అంచనా కట్టడమే అతని చదువంతా. లెక్కలవాళ్లు దాన్ని హీట్ కెర్నెల్ అంటారు. ఆకారం ఎలాంటిదైనా సరే, దూరాన్ని బట్టి కనీసం ఇంత వేడి చేరుతుందని ముప్పై పేజీల్లో నిరూపించాడు. ఇంటర్వ్యూకి పిలిచింది ఆ ముప్పై పేజీలు చూసే.

పదింటికి మామగారి పళ్లు టకటకలాడుతుంటే కూతురు చూడలేకపోయింది. వేడినీళ్ల సంచి తెచ్చి దుప్పటి కింద పెట్టింది.

"ఆయనతో అనకండి నాన్నా. ఇవాళ ఆయన మనసు పాడుచెయ్యకూడదు."

ఐదు నిమిషాలకి ముందుగదిలోంచి కేక వినిపించింది. "వేడి వస్తోందా మామయ్యగారూ?"

"భేషుగ్గా వస్తోంది అల్లుడుగారూ. కాళ్ల దగ్గర మరీను."

అల్లుడు పొంగిపోయాడు. కాళ్ల దగ్గరే ఎందుకని ఒక్క క్షణం ఆలోచిస్తే బాగుండేది. ఆలోచించకుండా హీటరును ఆఖరి గీత దాకా తిప్పాడు. పదకొండయ్యేసరికి ముందుగది కొలిమి అయింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది, గోడకి అంటించిన క్యాలెండరు జిగురు కరిగి జారిపడింది.

తెరమీద ముగ్గురు పెద్దలు ప్రత్యక్షమయ్యారు. వాళ్లలో అధ్యక్షురాలు పన్నెండో పేజీ తీసి, "ఆకారం ఎలాంటిదైనా అన్నారు. అంత ధీమా ఏమిటండీ?" అని అడిగింది.

"మా ఇంట్లో ఇప్పుడే జరుగుతోందండీ, చూపిస్తాను," అని అల్లుడు చెమట తుడుచుకుని, ల్యాప్‌టాప్ ఎత్తుకుని బయల్దేరాడు. నడవలో పెట్టెల పక్కనుంచి పొట్ట బిగబట్టి అడ్డంగా నడవాల్సి వచ్చింది.

అవతల మామగారు మూడు దుప్పట్లు కప్పుకుని, మఫ్లరు చుట్టుకుని వణుకుతున్నారు. అల్లుణ్ణి చూసి మర్యాదకి లేవబోయేసరికి, చల్లారిపోయిన నీళ్ల సంచి దుప్పటి కిందనుంచి జారి దబ్బున నేలమీద పడింది.

"ఇదేమిటి?" అన్నాడు అల్లుడు.

"నేనే పెట్టానండీ," అంది భార్య. "ఆ పెట్టెల మధ్య మనిషే దూరలేకపోతుంటే వేడి ఎలా దూరుతుంది?"

అల్లుడు వెనక్కి తిరిగి నడవకేసి చూశాడు. రెండు గదులూ రెండు పెద్ద బుడగలు, మధ్యలో నడవ సన్నటి మెడ. దూరం కొంచెమే అయినా, మెడ సన్నబడేకొద్దీ అవతలికి చేరే వేడి తగ్గిపోతుంది. అలాంటి ఆకారం ఒకటుంటుందని పన్నెండో పేజీ రాసేటప్పుడు తోచనే లేదు. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

"నా సిద్ధాంతం తప్పండీ," అన్నాడు తెరవైపు తిరిగి. "ఎందుకో చెప్పాలంటే, ఇదిగో ఈ నడవ చూడండి."

తెరమీద ముగ్గురూ ముందుకు వంగి పెట్టెల్ని చూశారు.

"ఆ తప్పు మేం పోయినవారమే చూశాం," అంది అధ్యక్షురాలు. "చెబితే ఒప్పుకుంటారో, వాదనకి దిగుతారో చూద్దామని పిలిచాం. మీరు మేం చెప్పకుండానే ఒప్పుకున్నారు. ఒకటో తారీకున వచ్చి చేరండి."

సాయంత్రానికల్లా అల్లుడు మెడ సన్నదనాన్ని కూడా కలిపి అంచనా మళ్లీ కట్టాడు. దాని ప్రకారం వెనకగదికి చాలినంత వేడి పదకొండో రోజుకి చేరుతుంది. మామగారి తిరుగు ప్రయాణం పదో రోజున.