ఎమెట్ బొటనవేలు, రోలండ్ పాదం

ఆ అక్టోబరు పన్నెండున ఎమెట్ నొవాక్ పెట్టుకున్న పనులు మూడే. పొద్దున రెండు డోనట్లు తినాలి. మధ్యాహ్నం చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి. సాయంత్రం అయిదింటికి బెర్నిస్ అనే పెద్దావిడ ఇంటికి వెళ్లి, చీజు ముక్కలు వేయించి అమ్మే ఆవిడ బండిని కొనేసి చేతిలో చెయ్యి వేసి రావాలి. మిల్వాకీలోని ఒక బార్లో నాలుగేళ్లు శుక్రవారం శుక్రవారం చేపలు వేయించి కూడబెట్టిన డబ్బు ఆ బండి కోసమే బ్యాంకులో ఎదురుచూస్తోంది. ఆవిడ ముందే చెప్పింది, అయిదున్నరకి పక్క ఊరు రసీన్ నుంచి ఇంకొకాయన కూడా బండి చూడటానికి వస్తున్నాడని.

అదే రోజు ఎమెట్‌కి ఇరవై ఆరేళ్లు నిండాయి. ఇరవై ఆరు నిండితే తల్లి ఆరోగ్య ఇన్సూరెన్సులోంచి పేరు పోతుంది. సొంతంగా కొనుక్కోవాలి. ఎమెట్ కొనదలచుకోలేదు.

"నెలకి మూడొందల ఎనభై డాలర్లట! ఎందుకురా? నాకు జలుబు చేసే రెండేళ్లయింది. ఆ డబ్బేదో నేనే దాచుకుంటా. నా ఒంటికి నేనే కంపెనీ," అన్నాడు డోనట్ కొరుకుతూ.

ఎదురుగా కూర్చున్నది కింది వాటాలో ఉండే స్నేహితుడు రోలండ్. టైర్ల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. ఇన్సూరెన్సు కార్డుని పర్సులో, వేరేవాళ్లు పెళ్లాం ఫోటో పెట్టుకునే చోట పెట్టుకుంటాడు.

"రోగం ఫోన్ చేసి వస్తుందట్రా?"

"వస్తే నా డబ్బుంది."

"ఆ డబ్బు బండికి కదా?"

"అందుకే రాదు."

రోలండ్ పుట్టినరోజు కానుక బల్లమీద పెట్టాడు. కాగితం చింపితే ఊదారంగు బౌలింగ్ బంతి, మూడు కన్నాల్లో వేళ్లు దూర్చి పట్టుకుని నేలమీద దొర్లించే బరువు బంతి. ఎవరి ఇంటిముందో పాత సామాన్లు అమ్ముతుంటే నాలుగు డాలర్లకి కొన్నాడు. దాని మీద 'మిల్డ్రెడ్' అని చెక్కి ఉంది.

"మిల్డ్రెడ్ ఎవరు?"

"ఎవరైతేనేం? బరువు సరిపోయిందేమో చూడు."

మిల్డ్రెడ్ ఎవరో గానీ సన్నటి వేళ్ల మనిషి. ఎమెట్ మర్యాద కోసం బొటనవేలు కన్నంలోకి తోశాడు. లోపలికి బాగానే వెళ్లింది. బయటికి రాలేదు.

మొదట నవ్వుకున్నారు. తరవాత గిన్నెలు తోమే సబ్బు పోశారు. సబ్బు వేలికి కాక నేలకి పట్టింది. రోలండ్ బంతిని, ఎమెట్ తన చేతిని చెరో వైపు లాగుతూ వంటింట్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా జారి, చివరికి ఫ్రిజ్ ముందు ఒకరిమీద ఒకరు తేలారు. తరవాత వెన్న రాశారు. మధ్యాహ్నం మూడింటికి బొటనవేలు ఎర్రగా, లావుగా తయారై, ఇక ఆ కన్నమే తన ఇల్లు అన్నట్టు కూర్చుంది.

"పద, ఆసుపత్రికి పోదాం," అన్నాడు రోలండ్.

"గుమ్మం తొక్కితే బండిలో రెండు చక్రాలు పోతాయి. నేను రాను."

"అదే నాలాగా కార్డు ఉంటేనా..."

"కార్డు సంగతి ఎత్తావంటే ఈ బంతితోనే కొడతాను."

బెదిరింపులో బలముంది కాబట్టి రోలండ్ ఊరుకుని, హార్డ్‌వేర్ దుకాణానికి తీసుకెళ్లాడు. దుకాణదారు బంతిని నాలుగు వైపులా తట్టి చూసి, "ఇదెంతపని!" అని లోపలికెళ్లి మోచెయ్యంత డ్రిల్లింగ్ మిషన్ పట్టుకొచ్చాడు. అది గుర్రుమనగానే ఎమెట్ కళ్లు తేలేసి రంగు డబ్బాల మధ్య పడిపోయాడు. దుకాణదారు దయగలవాడు. వెంటనే అంబులెన్సుకి ఫోన్ చేశాడు.

ఎమెట్‌కి స్పృహ తెప్పించింది నీళ్లు కాదు, సైరన్. అంబులెన్సు ఎక్కితే పన్నెండొందల డాలర్లని అతనికి తెలుసు. లేచి, పన్నెండు పౌన్ల బంతి ఊపుకుంటూ వెనక తలుపులోంచి పరుగెత్తాడు. వెనకాలే స్ట్రెచర్‌తో ఇద్దరు.

"ఆగవయ్యా! నీకు బాగాలేదు!"

"నేను పిలవలేదు! ఎవరు పిలిచారో వాళ్లనే ఎక్కించుకోండి!"

రెండు వీధులు తరిమి, ఆయాసం ఆగక ఆ ఇద్దరిలో ఒకతను తనే స్ట్రెచర్ మీద కూర్చున్నాడు. ఎమెట్, రోలండ్ బట్టలుతికే దుకాణంలో యంత్రాల వెనక నక్కారు. గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది.

"ఈ చేత్తో వెళితే పిచ్చివాడనుకుని బండి ఇవ్వదురా," అన్నాడు ఎమెట్, ఏడుపు గొంతుతో. నాలుగేళ్ల చేపలు కళ్లముందు ఈదుతున్నాయి.

రోలండ్ ఎవరో వదిలేసిన పసుపుపచ్చ తువ్వాలు బంతికి చుట్టి, పైన తన ఉన్ని టోపీ తొడిగాడు. "మోచేతి మీద పెట్టుకో. ఎవరూ గమనించరు."

బెర్నిస్ గుమ్మంలోనే గమనించింది.

"అయ్యో, నా బంగారం! పాపాయిని కూడా తెచ్చావా? ఎన్నాళ్లది?"

ఎమెట్ నోరు తెరిచాడు. అప్పటికే రోలండ్ "ఆరు వారాలండీ" అనేశాడు. అదే క్షణంలో ఎమెట్ కంగారులో "పన్నెండు పౌన్లండీ" అన్నాడు.

"ఆరు వారాలకే పన్నెండు పౌన్లా! ఏం పెడుతున్నారయ్యా? పేరేమిటి?"

ఇద్దరికీ ఒకటే పేరు గుర్తొచ్చింది. "మిల్డ్రెడ్."

పెద్దావిడ కళ్లు చెమర్చాయి. "మా అక్క పేరు! ఈ రోజుల్లో ఎవరు పెడుతున్నారు ఆ పేరు? బండి ధరలో వెయ్యి తగ్గించుకో నాయనా. పాలడబ్బాలకి పనికొస్తుంది."

వెయ్యి తగ్గినందుకు సంతోషించాలో, భూమిలోకి దిగిపోవాలో ఎమెట్‌కి తెలియలేదు. ఇంతలో ఆవిడ చేతులు చాచింది. "ఏదీ, ఓసారి ఇలా ఇవ్వు."

"ఇవ్వలేనండీ."

"అయిదుగురిని పెంచానయ్యా, పడెయ్యనులే."

"మీరు పడేస్తారని కాదండీ, అది ఊడి రాదు."

ఆవిడ వింతగా చూసి టోపీ పట్టుకుని లాగింది. టోపీ చేతిలోకి వచ్చింది. తువ్వాలు జారింది. నున్నటి ఊదారంగు తలలోంచి రెండు గుండ్రటి కన్నాలు ఆవిడ వంక చూశాయి.

ఆవిడ వంగి ఆ కన్నాల్లోకి చూసింది.

"మా అక్క ఇంతకన్నా బాగుండేది," అంది బెర్నిస్.

ఎమెట్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వేలు, సబ్బు, డ్రిల్లు, అంబులెన్సు, ఇన్సూరెన్సు, అన్నీ. వింటూ వింటూ ఆవిడ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. చర్చి నేలమాళిగలో ఉండే బౌలింగ్ హాల్లో ముప్ఫై ఏళ్లు ఆడిన మనిషి ఆవిడ.

"పొద్దుట్నుంచీ లాగుతూనే ఉన్నారా? తెలివితక్కువ సన్నాసుల్లారా! లాగేకొద్దీ వాస్తుంది. రా, ఇలా పడుకో."

గ్యారేజీలో బండి పక్కన నేలమీద ఎమెట్‌ని వెల్లకిలా పడుకోబెట్టి, బంతిని బండి పలక మీద నిలిపి, చెయ్యి పైకే ఉండేట్టు చేసి, మణికట్టు చుట్టూ ఐసు ముక్కల సంచీ కట్టింది. అరగంట ఎవరూ ముట్టుకోకూడదంది.

"మరి బండి?" అన్నాడు ఎమెట్ కింది నుంచి.

"ఎడంచేత్తో సంతకం పెట్టు. వెయ్యి మాత్రం తగ్గదు. పాపాయి లేదుగా."

సంతకం అయింది. రసీన్ ఆయన వచ్చి, నేలమీద పడుకున్న మనిషినీ, అతని పైన ఉన్న బంతినీ చూసి, ఏమీ అడక్కుండానే కారెక్కి వెళ్లిపోయాడు. రోలండ్‌కి ధైర్యం వచ్చింది. బండి పక్కన నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"ఇప్పటికైనా తెలిసిందా? కార్డున్నవాడు పొద్దున్నే ఆసుపత్రికి పోయి, పదకొండింటికల్లా ఇంటికొచ్చి..."

బొటనవేలు అప్పుడే సులువుగా జారి బయటికొచ్చింది. బంతి పలక మీద నెమ్మదిగా దొర్లి, అంచు దాటి, రోలండ్ కుడిపాదం మీద పడింది.

ఆసుపత్రికి రోలండ్ మూలుగుతూనే వెళ్లాడు గానీ తలెత్తుకుని వెళ్లాడు. రెండు ఎముకలు చిట్లాయి. కార్డుని కిటికీలోంచి రాజముద్రలా అందించాడు. లోపలున్నావిడ కంప్యూటర్లో చూసి తీయగా చెప్పింది:

"మీ పాలసీలో ఏడాదికి మొదటి ఆరువేల డాలర్లు మీరే పెట్టుకోవాలండీ. ఈ ఏడాది ఇంతవరకూ మీ ఖర్చు సున్నా."

"నేను ఆరోగ్యంగా ఉన్నానండీ మరి!"

"సంతోషమండీ. ఈ రోజుది సుమారు నాలుగువేల ఒకవంద అవుతుంది."

రోలండ్‌కి పాదం నొప్పి తెలియడం మానేసింది. అదే సమయానికి ఎమెట్ ఫోన్ మోగింది. తల్లి డోలొరెస్, బడి ఆఫీసులో పనిచేస్తుంది.

"పొద్దుట్నుంచీ చేస్తున్నాను, ఎత్తవేంరా?"

"చెయ్యి ఖాళీ లేదమ్మా. ఆసుపత్రిలో ఉన్నాం."

"కార్డు చూపించావా?"

"ఏ కార్డు? ఇవాళ్టితో నాకు ఇరవై ఆరు..."

"నెలాఖరు దాకా నీ పేరు నా దాంట్లోనే ఉందిరా! అది చెబుదామనే చేశాను. దేనికైనా సరే, వంద డాలర్లు కడితే చాలు."

ఎమెట్ కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు. డ్రిల్లు, సైరన్, రెండు వీధులు, ఆరు వారాల పసిపాప, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

నవంబరులో బండి వీధిలోకి వచ్చింది. మొదటిరోజే పెద్ద పొట్లం బెర్నిస్‌కి. ఆమె తింటుంటే ఆ ఇద్దరూ ఎప్పటిలాగే వాదించుకుంటున్నారు. తేడా ఏమిటంటే, ఎమెట్ ఇప్పుడు నెలకి మూడొందల ఎనభైకి పాలసీ కొన్నాడు. కాలికి కట్టుతో ఉన్న రోలండ్ జనవరి నుంచి తన పాలసీ వద్దని ఆఫీసులో రాసిచ్చాడు.

"రోగం ఫోన్ చేసి వస్తుందట్రా?" అంటున్నాడు ఎమెట్.

"వస్తే నా డబ్బుంది! నా ఒంటికి నేనే కంపెనీ!" అంటున్నాడు రోలండ్.

ఎంతకీ తెగక చివరికి ఆవిడనే అడిగారు. "మీరు చెప్పండి, కొనాలా, వద్దా?"

బెర్నిస్ వేళ్లకంటిన ఉప్పు దులుపుకుంది. "నాకు డెబ్బై ఒకటి. అరవై అయిదు దాటాక ఆ ఇన్సూరెన్సు తలనొప్పి ప్రభుత్వానిది. మీరూ ఇంకో ముప్ఫై తొమ్మిదేళ్లు దేంట్లోనూ వేలు పెట్టకుండా ఉండండి, చాలు."