అడ్డం మూడొందలు, నిలువు నాలుగొందల యాభై

భావనపాడు నుంచి శ్రీకాకుళం బస్సుకు బయల్దేరుతూ వినోద్ ఆ ఉదయం భార్యకు ఒక పని అప్పగించాడు. ఇంట్లో ఉన్న నాలుగు వందల సినిమా డిస్కులకూ కంప్యూటర్లో జాబితా తయారవుతోంది. అట్టలన్నీ స్కాన్ చేయడమైంది గానీ, బొమ్మలు మరీ పెద్దవై జాబితా తెరుచుకునేలోగా టీ చల్లారిపోతోంది.

"అన్నిటికీ ఒకటే కొలత. అడ్డం మూడొందలు, నిలువు నాలుగొందల యాభై. సేసినవి సేసినట్టు మన సుట్టాల గ్రూపులో ఎట్టీ. ఎవులికే సినిమా కావాలో సూసుకుంటారు."

"నాను సెయ్యగలనా బావా? తొమ్మిదితోనే సదువాపీసినాను," అంది శైలజ.

"ఆరంకెలు నొక్కడానికి పదో తరగతెందుకే?"

ఆ మాట నిలబెట్టాలని శైలజ పాపను చీర ఉయ్యాల్లో పడుకోబెట్టి కూర్చుంది. హీరోలు, రాక్షసులు, దేవుళ్ళు అందరూ బుద్ధిగా కొలతకు వచ్చారు. నలభై అట్టలు గ్రూపులోకి వెళ్ళాయి. నలభై ఒకటోది వాళ్ళ పెళ్ళి డిస్కు. దాని మీద పెళ్ళికూతురి కంటే పెద్దగా కనిపించేది అత్త బుల్లమ్మే. సినిమా అట్టలన్నీ నిలువు, ఇదొక్కటే అడ్డం. శైలజ దీనికీ అవే అంకెలు కొట్టింది. అప్పుడే పాప కదలడంతో చూడకుండానే పంపేసింది.

పది నిమిషాల్లో ఫోను మోగింది. నౌపడ నుంచి బుల్లమ్మ తమ్ముడు నూకయ్య.

"శైలూ, మా అప్పకేటయిందే?"

పాప లేస్తుందని శైలజ గొంతు బాగా తగ్గించింది. "పడుకున్నాది మావా."

"ఈ యేళప్పుడా? ఏటైనా తిన్నాదా?"

"అంబలి తాగింది మావా."

తెల్లారకముందే పడవల దగ్గరికెళ్ళి వచ్చి బుల్లమ్మ నడుం వాల్చింది. అంబలీ రోజూ తాగేదే. కానీ గుసగుసగా చెబితే అదీ జబ్బు మనిషి పథ్యంలా వినిపించింది.

"మరి నువ్వెందుకే ఏడుస్తన్నావు?"

"ఏడవట్లేదు మావా..." అనేలోగా పాప కెవ్వుమంది. శైలజ ఫోను పెట్టేసి ఉయ్యాల వైపు పరుగెత్తింది.

మధ్యాహ్నానికి వాకిట్లో రెండు ఆటోలు ఆగాయి. పదకొండు బ్రెడ్డు పేకెట్లు, బత్తాయిలు, ఒక కొబ్బరిబొండాల గెల దిగాయి. నూకయ్య భార్య లక్ష్మణమ్మ వీధిలోంచే రాగం ఎత్తుకుంది.

"ఓలమ్మో వదినా! పుల్లలాగయిపోనావే!"

ఆ కేకకు గుమ్మం నిండా బుల్లమ్మ ప్రత్యక్షమైంది. "ఎవులు పోనారే?"

రాగం సగంలో ఆగింది. నూకయ్య అప్పనూ ఫోనునూ మార్చి మార్చి చూసి, ఫోను ఆమె చేతికిచ్చాడు. అందులో బుగ్గలు లోపలికి పోయి, మెడ కొంగలా సాగి, వెదురుబొంగు లాంటి బుల్లమ్మ!

శైలజ పక్కనుంచి ఫోనులోకి తొంగిచూసింది. తన తొమ్మిదో తరగతి ఆరంకెల్లో బయటపడిపోయింది. "నానే అత్తా. కొలత తప్పీసినాను. బావ నమ్మి ఇచ్చినాడు..."

బుల్లమ్మ ఫోనును దూరంగా పెట్టి చూసింది. దగ్గరగా పెట్టి చూసింది.

"తప్పేటే? నువ్వు పుట్టకముందు నా నడుం ఇలాగే ఉండీది. ఏరా నూకయ్యా, అవునా కాదా?"

చంకలో బ్రెడ్డు పేకెట్లతో నూకయ్య, "అవునప్పా," అన్నాడు. ఇంకేమనగలడు?

లక్ష్మణమ్మ కళ్ళు తుడుచుకుని శైలజ పక్కకు చేరింది. "మా పిల్లదాని పెళ్ళి అట్ట తెస్తాను. నాకూ అవే అంకెలు కొట్టీ అమ్మా."

సాయంత్రం వినోద్ వచ్చి, జరిగింది విని, పెళ్ళి అట్ట సరిచేద్దామని మౌసు పట్టుకున్నాడు.

"ముట్టుకున్నావంటే సెయ్యిరగ్గొడతాను," అంది తల్లి. "కొలతలు నా కోడలికి తెలుసు. నీకేటి తెలుసు?"

అని, ఆ సన్నటి మనిషి నాలుగో బ్రెడ్డు పేకెట్టు విప్పి చేపల పులుసులో ముంచుకుంది.