పది మంది క్యూ, పదకొండో డబ్బా

క్యూ కనిపెట్టిన మహానుభావుడెవరో గాని, ఆయనకు గుడివాడ స్టేషన్ ముందు నిలువెత్తు విగ్రహం పెట్టించాలి. ఆ విగ్రహం కూడా ఎవరి వెనకాలో నిలబడి ఉన్నట్టే చెక్కించాలి!

పంచదార దొరకడం లేదని గోల పెట్టేవాళ్ళను చూస్తే నాకు జాలి. పక్కనే ఉయ్యూరులో ఫ్యాక్టరీ ఉంది, చెరకు బళ్ళు బారులు తీరి పోతున్నాయి, మన కాఫీలోకి మాత్రం చెంచాడు లేదేమిటని అడుగుతారు. అయ్యా, మన తాతలకు పంచదార ఉండొచ్చు. క్యూ ఉందా? పంచదార తింటే పళ్ళు పుచ్చుతాయి. క్యూలో నిలబడి ఎవరి పళ్ళన్నా పుచ్చాయా?

మా పేట సహకార స్టోర్సుకు ఈ భాగ్యం ధనుంజయరావుగారి వల్ల పట్టింది. తాలూకా ఆఫీసులో హెడ్ గుమాస్తాగా రిటైరై, స్టోర్సుకు ప్రెసిడెంటయ్యారాయన. రాగానే స్టోర్సు ముందు సరుగుడు బాదులు పాతించి, సరిగ్గా పదిమంది పట్టేలా దడి కట్టించారు. ముందొచ్చినవాడు ముందు పుచ్చుకోవాలి. పదిమందీ నిండాక పదకొండోవాడికి ప్రవేశం లేదు. దడిలో ఎవరూ లేనప్పుడు గుమాస్తా ఎవరికీ పంచదార ఇవ్వకూడదు. ఏ ఊరివాడివని అడగరు. నిలబడ్డ తలకి అరకిలో. ఇంతకన్నా ధర్మరాజ్యం ఎక్కడుందండీ?

కట్టి వదిలేసే మనిషి కాదాయన. ప్రారంభోత్సవానికి ముందు పరీక్ష పెట్టారు. మనుషులైతే కబుర్లలో పడతారని, వాళ్ళింట్లోంచి ఖాళీ నెయ్యి డబ్బాలు తెప్పించి, సుద్దముక్కతో నంబర్లు వేయించారు. మొదట దడి ఖాళీగా ఉంచి, గుమాస్తా ఈశ్వరప్రసాద్ చేత "తర్వాత!" అని కేక వేయించారు. ఎవరూ రాలేదు. పాస్! ఒకటో డబ్బా పెట్టి తీశారు. ఒకటో డబ్బాయే వచ్చింది. పాస్! పది డబ్బాలూ నిలబెట్టి తీస్తే, పెట్టిన వరసలోనే బయటికొచ్చాయి. మళ్ళీ దడి నింపి పదకొండో డబ్బా పట్టుకొచ్చారు. చోటు లేదు. దాన్ని తీసుకెళ్ళి స్టోర్సు వెనక గదిలో పెట్టించారు. పాస్!

మేమంతా చప్పట్లు కొట్టాం. కొట్టమా మరి? ఒక్క డబ్బా ఇంకో డబ్బాను తోసిందా? "ఏం బావా!" అని పలకరించిందా?

ఇలా ఉండగా మొన్న మా బావగారు పిచ్చేశ్వరరావు, అంటే మా ఆవిడ అన్నగారు, బందరు నుంచి వస్తున్నారని కబురొచ్చింది. ఇంట్లో పంచదార నిండుకుంది.

"మా అన్నయ్యకి బెల్లం కాఫీ ఇచ్చే గతి పడితే, ఆ గ్లాసు నా చేత్తో ఇవ్వను. మీరే పట్టుకెళ్ళి ఇచ్చుకోండి" అంది మా కోటేశ్వరమ్మ.

తెల్లారకముందే వెళ్ళి దడిలో అందరికన్నా ముందు నిలబడ్డాను. ఒకటో డబ్బాలా!

తలుపు తీశారో లేదో, ఒకాయన వచ్చి "ఏం మావయ్యా, కులాసానా?" అన్నాడు. ఆయనెవరో నాకు తెలీదు. కాని మావయ్యా అన్న మనిషికి చోటివ్వకుండా మన కృష్ణా జిల్లాలో ఎవడన్నా బతగ్గలడా? జరిగాను. నా ముందు దూరాడు. ఆ వెనకాలే ఇంకో మేనల్లుడు. దడిలో పదిమందే ఉండాలి గనక, ముందొకడు చేరినప్పుడల్లా ఈశ్వరప్రసాద్ చివర ఉన్నవాళ్ళను బయటికి పంపించాడు. లెక్క ఎప్పుడు చూసినా పదే! రూలంటే అదీ!

అలా మొదట బయటపడింది చేపలమ్మే నాంచారమ్మ.

"ఏం బాబూ, నిన్ను మావయ్యా అన్నోడల్లా లోపలికొచ్చేత్తన్నాడు, నేను బయటికెల్లిపోతన్నాను. నన్నూ ఓసారి అనమంటావా?" అని అడిగింది.

క్యూ విలువ తెలియని మనిషి. ఏం చెప్తాం?

చివరికి నా ముందున్న మేనల్లుళ్ళంతా అయిపోయారు. బస్తా అడుగున ఒక్క అరకిలో మిగిలింది. సంచీ చాపాను. వెనకనుంచి "బావా!" అని వినబడింది. సాక్షాత్తూ పిచ్చేశ్వరరావే!

"కాస్త జరుగు బావా. రైలు దిగి సరాసరి వస్తున్నా. మీ ఊళ్ళో క్యూ ఉందని బందరంతా చెప్పుకుంటున్నారు!"

జరిగాను. జరక్క? ఊరూ పేరూ తెలియని మేనల్లుళ్ళకే జరిగినవాణ్ణి, ఆడపిల్లనిచ్చినవాళ్ళకి జరగనా? ఆయన సంచీ నిండింది. ఈశ్వరప్రసాద్ ఖాళీ బస్తా దులిపి తలుపు వేశాడు.

ఇంటికొచ్చాక బెల్లం కాఫీ గ్లాసు నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆయన ఓ గుక్క తాగి, సంచీ కాళ్ళ మధ్య సర్దుకుని, "ఏం బావా, మీకు పంచదారకి అంత కటకటగా ఉందా?" అన్నారు. సాయంత్రం బండికి ఆయనా, సంచీనూ బందరు వెళ్ళిపోయారు. మా ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. ఇల్లెంత ప్రశాంతంగా ఉందో! ఇది మాత్రం క్యూ చలవ కాదూ?

అయినా మనసాగక ధనుంజయరావుగారింటికి వెళ్ళి విషయం చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. వెంటనే వసారాలో డబ్బాలు బారు తీర్చి మళ్ళీ పరీక్ష మొదలెట్టారు. ఒకటోది ముందొచ్చింది. పదోది చివరికొచ్చింది. పాస్, పాస్!

"చూశారా? క్యూలో లోపం లేదండీ. మనుషుల్లో ఉంది. మీరూ డబ్బాలా కదలకుండా ఉండాల్సింది" అన్నారు.

నిజమే. సిగ్గేసింది. పరీక్ష పూర్తి చేయడానికి, స్టోర్సు వెనక గదిలోంచి ఎప్పుడొచ్చిందో గాని, మూలనున్న పదకొండో డబ్బాను నేనే అందుకోబోయాను. ఒంటిచేత్తో లేవలేదు. రెండు చేతులూ వేశాను.

"అబ్బే, దాన్ని కదపకండి! అది ఎలాగూ పట్టదని తేలిపోయిందిగా" అన్నారు కంగారుగా.

వదిలేశాను. దాని మూత అంచు దాకా చీమలు బారు కట్టి ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి, తోపులాట లేకుండా! ఒక్క చీమ కూడా ఇంకో చీమను బావా అనలేదు.

క్యూ అంటే అదండీ!